మదనపల్లె లారీ, 1:14

మార్చి చివర, హోస్కోటె రోడ్డు

రేడియో కంట్రోల్ లారీలు చేసేవాళ్లలో చాలామంది అమెరికా ట్రెయిలరో, యూరప్ స్కానియానో ఎంచుకుంటారు. విడిభాగాలు దొరుకుతాయి, డిజైన్ ఫైళ్లు దొరుకుతాయి, బొమ్మ అచ్చం పెట్టె మీది ఫోటోలా తయారవుతుంది. నేను కదిరిలో పెరిగినవాణ్ణి. లారీ అంటే నాకు చెక్క బాడీ, అద్దం మీద దేవుడి పేరు, వెనక గొలుసుల చప్పుడు. అందుకని ఈసారి మదనపల్లె నుంచి చింతామణి మీదుగా బెంగళూరుకు టమాటాలు తెచ్చే ఆరు టైర్ల లారీ ఒకటి చేద్దామని కూర్చున్నా.

చాసిస్ కొన్నదే. టమియా అనే జపాన్ బొమ్మల కంపెనీ చేసే 1:14 లారీల (అసలు లారీలో పద్నాలుగో వంతు) కొలతలకు సరిపోయే అల్యూమినియం పట్టీలు, లోహపు ఇరుసులు, 540 సైజు మోటారు, 7.4 వోల్టుల రెండు సెల్లుల (టూ-ఎస్) లిపో బ్యాటరీ, ఆరు చానళ్ల ఫ్లైస్కై రిమోటు. ఇవన్నీ పాత ప్రాజెక్టు నుంచి మిగిలినవే. దాని మీద కూర్చునే లారీ మొత్తం నేనే గీసి ప్రింటు తీయాలి. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పోసే ఎండర్ 3 అనే 3డి ప్రింటరు ఇంట్లో ఉంది. ద్రవ రెజిన్‌ను వెలుతురుతో గట్టిపరిచి సన్నటి పనులు చేసే రెజిన్ ప్రింటరు బెంగళూరు మారతహళ్లిలో ఉండే స్నేహితుడిది.

బొమ్మ పక్కన పెట్టి ముందు అసలు లారీని కొలవాలి. కె.ఆర్.పురం దాటి హోస్కోటె వైపు పోతుంటే రోడ్డు పక్కన లారీలు ఆగే జాగా ఒకటుంది. టైర్ల దుకాణం, టీ అంగడి, రెండు మూడు లారీలు ఎప్పుడూ ఉంటాయి. టేపు తీసి బంపరు దగ్గర పెట్టానో లేదో పైనుంచి గొంతు వినిపించింది.

"ఏందప్పా, దేనికి కొలస్తాండావు? ఆర్టీఓ మనిషివా?"

"కాదన్నా. ఇట్లాంటిదే చిన్న లారీ చేస్తాండా. రిమోటుతో నడిచేది."

"బొమ్మకా! బొమ్మకు ఇంత కథేందప్పా?"

నవ్వుతూనే కిందికి దిగాడు. కాసేపటికి టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. నేను రాసుకోని వాటిని వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. "ఆ చెక్క రాసుకుంటివా? ఎత్తులో ఆపితే టైరు కింద పెట్టేది. గొలుసుకు కట్టి యాడ తగిలించినామో సూడు." నిజమే. ఇంటర్నెట్‌లో ఎన్ని ఫోటోలు వెతికినా ఆ చెక్క నా కంట పడేది కాదు.

ఆ రోజు రాసుకున్న ముఖ్యమైన కొలతలు ఇవి. వెడల్పు 2.4 మీటర్లు, అంటే బొమ్మలో 171 మి.మీ. వీల్‌బేస్ 4.2 మీటర్లు, బొమ్మలో 300. బాడీ పొడవు 18 అడుగులు, బొమ్మలో 392. పక్క గోడ ఎత్తు నాలుగడుగులు, 87 మి.మీ. గుండ్రటి హెడ్‌లైటు ఏడంగుళాలు, 12.7 మి.మీ. చాసిస్ పట్టీలకు కొత్త రంధ్రాలు వేసి వెనక ఇరుసును 300 దగ్గరకు జరిపా.

ఏప్రిల్, టైర్ల గొడవ

కొలతలు కంప్యూటర్‌లో పెట్టగానే మొదటి తగాదా టైర్లతోనే వచ్చింది. ఈ లారీలకు వేసే 10.00-20 టైరు వ్యాసం దాదాపు 1050 మి.మీ. పద్నాలుగుతో భాగిస్తే 75. నా దగ్గర ఉన్న టైర్లు 83. ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ. కాగితం మీద చిన్న తేడా. కంటికి మాత్రం లారీ మడమల మీద నిలబడినట్టు కనిపిస్తుంది.

75 మి.మీ. టైర్లు వెతికి తెప్పించుకోవచ్చు. అప్పుడు రిమ్ములు మార్చాలి, గేరు నిష్పత్తి మారుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఆ దారి వదిలేశా. రెండు పనులు చేశా. డ్రిల్లుకు టైరును బిగించి తిప్పుతూ ఇసుక కాగితంతో పైన గీతలు అరగదీశా. వ్యాసం రెండు మిల్లీమీటర్లు తగ్గింది, పైగా వాడిన టైరు రూపం వచ్చింది. ఇక మడ్‌గార్డును స్కేలు కొలతకంటే మూడు మిల్లీమీటర్లు పైకి జరిపి గీశా. టైరు వ్యాసాన్ని ఎవరూ కొలవరు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ ఎంతుందో అందరి కళ్లూ చూస్తాయి. ఆ ఖాళీ అసలు లారీలో ఉన్నంతే ఉంటే చాలు.

ఈ ప్రాజెక్టులో నేను పట్టుకున్న సూత్రం అదే. అన్నింటినీ పద్నాలుగుతో భాగించుకుంటూ పోతే లారీ రాదు. కన్ను ఏది చూస్తుందో దాన్ని స్కేలులో ఉంచి, చూడనిదాన్ని సర్దుకోవాలి.

మందం సంగతి

ఇదే ఈ పనిలో అసలు చిక్కు. కొంచెం ఎక్కువే రాస్తా.

క్యాబిన్ రేకు 1.2 మి.మీ. మందం అనుకుంటే 1:14లో అది 0.09 మి.మీ. కావాలి. నా ప్రింటరు నాజిల్, అంటే కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే రంధ్రం, 0.4. ఒక్క గీతతో గోడ కట్టినా నాలుగు రెట్లు ఎక్కువ, అదీ గట్టిగా నొక్కితే విరుగుతుంది. నిలబడే గోడ కావాలంటే కనీసం రెండు గీతలు, 0.8. కిటికీ అంచు దగ్గర 0.8 మందం కనిపిస్తే అసలు లారీలో సెంటీమీటరు పైన మందమున్న రేకన్నమాట. యుద్ధ ట్యాంకుకు బాగుంటుంది, టమాటా లారీకి కాదు.

దారి ఏంటంటే, గోడను 1.2 మందంగానే కట్టి, అంచు దగ్గర మాత్రం లోపలివైపు ఏటవాలుగా చెక్కేయాలి. బయటినుంచి చూసేవాడికి అంచులో సన్నటి పెదవి ఒక్కటే కనిపిస్తుంది. కిటికీలకు, డోర్ల కింది అంచులకు, మడ్‌గార్డు నోటికి, బంపరు చివరలకు ఇదే చేశా. డిజైన్‌లో ఆ ఏటవాలు కోత (చాంఫర్) 0.9 పెట్టి, అంచును 0.3 దగ్గర వదిలేశా. ప్రింటయ్యాక 400 నంబరు ఇసుక కాగితంతో లోపలివైపు మాత్రమే రుద్దితే ఇంకా పల్చబడుతుంది. ప్రైమర్ పడ్డాక క్యాబిన్ ఒక్కసారిగా రేకులా కనిపించింది. ఈ ప్రాజెక్టులో ఒకే ఒక్క పనికి సమయం ఉందంటే ఎవరికైనా ఇదే చేయమంటా.

చిన్న అక్షరాలు, నట్లు, బోల్టులకూ ఇదే లెక్క. 0.4 కంటే సన్నటి గీత ప్రింటరు గీయలేదు. గీసినట్టు నటిస్తుంది, అంతే. గ్రిల్లు మధ్యలో ఉండే అడ్డకమ్మీలు, వైపరు చేతులు, డోరు పిడి, అద్దాల కమ్మీలు, ఇరుసు మీది కమాన్ కట్టల బిగింపు బోల్టులు, ఇవన్నీ రెజిన్‌కు పంపా. 0.05 మి.మీ. పొరలతో ప్రింటు తీస్తే బోల్టు తల షట్కోణంగానే వస్తుంది. రెజిన్ పెళుసు. వైపరు చేతులు రెండుసార్లు విరిగాయి. అందుకే వాటి మధ్యలో 0.5 మి.మీ. స్టీలు తీగకు చోటు వదిలి గీశా.

స్నేహితుడి ఇంట్లో రెజిన్ పని అంటే సగం రోజు పోయినట్టే. నైట్రైల్ గ్లౌజులు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగడం, బాల్కనీ తలుపులు తెరిచి పెట్టడం, తర్వాత యూవీ దీపం కింద ఆరబెట్టడం. కడిగిన ఆల్కహాల్ సింకులో పోయకూడదు. ఎండలో పెడితే అందులో కరిగిన రెజిన్ గట్టిపడి అడుక్కు దిగుతుంది, వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఈ విషయంలో అతనిది మడి ఆచారం. వట్టి చేత్తో బాటిలు ముట్టుకుంటే ఊరుకోడు. అలా ఉండటమే మంచిది, రెజిన్ ఒంటి మీద పడితే చర్మం దద్దుర్లేస్తుంది.

మే, క్యాబిన్ లోపల

క్యాబిన్ నేలను పీఎల్ఏ అనే మామూలు ప్రింటింగ్ ప్లాస్టిక్‌తో తీయొద్దని ముందే అనుకున్నా. పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నేల కింద మోటారు ఉంటుంది, పక్కనే మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ. బండి పావుగంట నడిచాక మోటారు పైభాగాన్ని చేత్తో పట్టుకోలేం. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ 80 దాకా తట్టుకుంటుంది. నేల, మోటారు చుట్టూ కవరు, బ్యాటరీ పెట్టె పీఈటీజీ. మిగతా క్యాబిన్ పీఎల్ఏ. ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే మాత్రం ఆ క్యాబిన్ పైకప్పు మీద ఎవరో కూర్చున్నట్టు కుంగుతుంది. లారీని ఎక్కడికి తీసుకెళ్లినా సీటు కింద పెట్టుకోవడమే.

ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు, స్టీరింగ్ సర్వో, ఎక్కడ పెట్టాలన్నది చాలా రోజులు తేలలేదు. చాసిస్‌లో దానికి కేటాయించిన చోటు క్యాబిన్ మధ్యలోకి పొడుచుకొస్తుంది. క్లీనరు సీటు పెట్టెను కాస్త ఎత్తుగా గీసి, సర్వోను దాని కిందికి తోసేశా. పాత లారీల్లో ఆ సీటు కింద పెట్టె నిజంగానే ఉంటుంది కాబట్టి అబద్ధం అనిపించదు.

డాష్‌బోర్డు మీద దేవుడి ఫోటో 10 × 14 మి.మీ. ఫోటో కాగితం మీద తీసి, రెజిన్ చట్రంలో అతికించా. పక్కన ఒక ఎర్ర, ఒక పచ్చ ఎల్ఈడీ. పైన అద్దానికి అడ్డంగా బోర్డు: "శ్రీ ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న". మా ఊరి దేవుడు. ఈ బోర్డుకు ప్రింటు పనికిరాలేదు, రేడియం కటింగూ పనికిరాలేదు. కె.ఆర్.పురంలో స్టిక్కర్లు కోసే అబ్బాయి ఇష్టంగానే ప్రయత్నించాడు. అక్షరాల దాకా బాగానే కోసింది మిషను. "క్ష్మీ" దగ్గరికొచ్చేసరికి వత్తులు, గుడిదీర్ఘం అన్నీ బ్లేడుకు చుట్టుకుని లేచొచ్చాయి. "సార్, ఇంగ్లీషులో రాసుకుంటే బాగా వస్తుంది" అన్నాడు. ఆ లారీ మీద ఇంగ్లీషులో నరసింహస్వామా!

చివరికి నీళ్లలో నానబెట్టి అతికించే డీకాల్ కాగితమే శరణ్యం. లేజర్ ప్రింటరులో తెల్ల రంగు ఉండదు. అందుకని తెల్ల డీకాల్ కాగితం తీసుకుని, బోర్డు పచ్చరంగును మాత్రమే ప్రింటు తీసి, అక్షరాలను ఖాళీగా వదిలేశా. కాగితం తెలుపే అక్షరం రంగు. అక్షరం ఎత్తు 9 మి.మీ., వత్తుల్లో సన్నటి గీత 0.5 పైనే. చదవడానికి భూతద్దం అక్కర్లేదు.

క్యాబిన్ గురించి ఒక మాట. ఇలా చాసిస్ కొని ఊళ్లోనే క్యాబిన్ కట్టించుకునే లారీలు తగ్గిపోతున్నాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. డ్రైవర్లకు మంచిదే, ఎండలో ఇంజను పక్కన కూర్చుని రాత్రింబవళ్లు నడిపేవాళ్లకు ఎప్పుడో రావాల్సింది. కానీ రెండు ముక్కల అద్దం, మధ్యలో నిలువు కమ్మీ ఉన్న ఈ ముఖం రోడ్ల మీద ఇంకెన్నాళ్లు కనిపిస్తుందో. కొలవాలనుకున్నవాళ్లు ఇప్పుడే కొలుచుకోవడం మేలు.

జూన్, బాడీ

ఎండర్ బెడ్ 220 × 220. బాడీ పొడవు 392. రెండు ముక్కలుగా 196 చొప్పున కోశా. అతుకు ఎక్కడ వేయాలన్నది ఆలోచించాల్సిన సంగతి. అసలు బాడీలో చెక్కల మధ్య ఇనుప నిలువు పట్టీలు ఉంటాయి. సరిగ్గా ఆ పట్టీ కింద అతుకు వచ్చేలా కోస్తే, పట్టీని విడిగా ప్రింటు తీసి పైన అతికించేస్తే అతుకు మాయం. పుట్టీ పని లేదు.

చెక్కలను ప్రింటు తీయాలా, నిజం చెక్క వాడాలా అని నాలో నేనే వాదించుకున్నా. ఐస్‌క్రీమ్ పుల్లలు చవక, అసలు చెక్కే కాబట్టి రంగు వేయడం సులువు. కానీ చెక్కలోని చార స్కేలులో ఉండదు. పుల్ల మీద మిల్లీమీటరు వెడల్పు చార ఉంటే, లారీలో అది సెంటీమీటరున్నర. ఏ మానుకూ అంత చార ఉండదు. ప్రింటు పలక మీద వైరు బ్రష్షుతో ఒకే దిశలో గీస్తే వచ్చే గీతలే దగ్గరగా ఉన్నాయి. కాబట్టి గోడలు ప్రింటు, 11 మి.మీ.కి ఒక చెక్క, మధ్యలో 0.5 లోతు గాడి. లోపలి నేల మాత్రం నిజం చెక్క, సరుకు కింద పడి ఎలాగూ కనిపించదు, బరువు తక్కువ.

వెనక డోరు తెరుచుకోవాలి. కీలుకు 1.5 మి.మీ. స్టీలు తీగ, రంధ్రానికీ తీగకూ మధ్య 0.3 ఖాళీ. 0.2 ఇస్తే రంగు పడ్డాక పట్టేస్తుంది. డోరును ఆపే గొలుసులకు చిక్‌పేటలో గిల్టు నగల సామాను అమ్మే సందు పట్టుకున్నా. కాలిపట్టీలకు వాడే సన్న గొలుసు, మీటరు లెక్కన ఇస్తారు. మెరుపు పోగొట్టడానికి నల్లటి ప్రైమర్ కొట్టి తుడిచేస్తే ఇనుమే. ప్రింటు గొలుసులు కూడా గీసి చూశా గానీ అవి వేలాడవు, నిక్కబొడుచుకుని నిలబడతాయి. వేలాడాల్సిన వస్తువును ప్రింటు తీయకూడదు.

తాడూ అంతే, టార్పాలినూ అంతే. మోకు 14 మి.మీ. మందం అనుకుంటే బొమ్మలో 1 మి.మీ. నూలు దారాలు మూడు పేనితే సరిగ్గా ఆ మందం వచ్చింది. నైలాన్ దారం వద్దు, ముడి విప్పుకుంటుంది, మెరుస్తుంది. టార్పాలిన్‌కు పాత కాటన్ చేతిరుమాలు, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, డబ్బా మీద పరిచి ఆరబెట్టా. తడిగా ఉండగానే మడతలు పెట్టుకోవాలి. ఆరాక ముదురు నీలం.

వానలు మొదలయ్యాక పీఈటీజీ మొండికేసింది. ప్రింటరుకు ఎక్కించే ప్లాస్టిక్ తీగ చుట్ట గాలిలోని తేమ పీల్చుకుంటే ప్రింటు మధ్యలో సాలెగూడులాంటి పోగులు వస్తాయి. చుట్టను మూత గట్టిగా పట్టే బియ్యం డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి వాడుతున్నా. పీఎల్ఏకు ఇంత బాధ లేదు.

జులై, టమాటాలు

సరుకు లేకుండా ఖాళీ లారీ చేద్దామనుకున్నా మొదట. కె.ఆర్.పురం సంతలో ప్లాస్టిక్ ట్రేలు దించుతుంటే చూశాక మనసు మారింది. ఒక ట్రే కొలిచా: 540 × 360 × 290. బొమ్మలో 38.6 × 25.7 × 20.7. గోడలు జాలీ. ఇక్కడ 0.4 నాజిల్ వరమైంది, జాలీ కమ్మీ ఒక్కొక్కటి ఒక్క గీతే. పైవరస, పక్కన కనిపించే వరస మాత్రమే ట్రేలు. లోపలంతా థర్మాకోల్ దిమ్మ. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ట్రేలు కలిపి పెట్టాలి. సంతలో ఒకే రంగు ట్రేలు ఎవరి దగ్గరా ఉండవు, ఒకరివి ఒకరికి కలిసిపోతాయి.

టమాటా ఆరు సెంటీమీటర్లనుకుంటే 4.3 మి.మీ. చిక్‌పేటలోనే 4 మి.మీ. ఎర్ర పూసలు కొన్నా. పోసి చూస్తే పూసలే కనిపించాయి, టమాటాలు కాదు. అన్నీ ఒకే సైజు, ఒకే ఎరుపు, పైగా రంధ్రాలు. 3 మి.మీ. పూసలు మూడో వంతు కలిపి, రంధ్రాలు కిందికి వచ్చేలా జిగురుతో సర్ది, పైన అక్కడక్కడా నారింజ, కొంచెం పచ్చ పల్చగా అద్దా. దూర మార్కెట్‌కు పోయే కాయ పూర్తిగా పండనివ్వరు కదా, కాబట్టి పచ్చ భుజాలు ఉండాల్సిందే. ఇది ఓపిక పని. సాయంత్రం టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు.

ఆగస్టు, దీపాలు

కరెంటు లెక్క సులువు. ఈఎస్‌సీ ఇచ్చే 6 వోల్టులే ఆధారం. తెల్ల ఎల్ఈడీ 3 వోల్టులు తింటుంది, మిగిలిన మూడింటికి 220 ఓమ్‌ల రెసిస్టర్, 13 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు కరెంటు. వెనక ఎర్ర దీపాలు రెండింటినీ వరసగా కలిపితే 4 వోల్టులు పోతాయి, 150 ఓమ్‌లు చాలు. రెసిస్టర్లు, సన్న వైర్లు, హీట్ ష్రింక్ గొట్టాలు ఎస్.పి.రోడ్డులో. ఆ రోడ్డుకు జాబితా రాసుకుని పోవాలి, లేకపోతే అవసరం లేనివన్నీ కొనుక్కుని వస్తాం.

హెడ్‌లైటుకు చల్లని తెలుపు వాడొద్దు. పాత లారీ బల్బు పసుపు, 3000 కెల్విన్ దగ్గర ఉండే వార్మ్ వైట్ తీసుకోవాలి. క్యాబిన్ పైన వరసగా ఉండే చిన్న దీపాలకు విడివిడిగా ఎల్ఈడీలు పెడితే పెద్దగా కనిపిస్తాయి. ఒక ఎల్ఈడీ ముందు 1 మి.మీ. ఫైబర్ ఆప్టిక్ పోగులు కట్టగా పెట్టి, ఒక్కో పోగును ఒక్కో రంధ్రంలోంచి బయటికి లాగా. పోగు కొసను వేడి సాల్డరింగ్ ఐరన్ దగ్గరికి, తాకకుండా, తీసుకెళ్తే చిన్న బుడగలా ఉబ్బుతుంది. అదే లెన్సు.

పీఎల్ఏ గోడల్లోంచి వెలుతురు ఊరుతుంది, రాత్రి క్యాబిన్ మొత్తం లాంతరులా వెలుగుతుంది. దీపం పెట్టే చోట లోపలివైపు ముందు నల్ల రంగు, దాని మీద వెండి రంగు వేసుకోవాలి.

సెప్టెంబరు, రంగు, దుమ్ము, రాతలు

నలుపును నలుపుగా వేయకూడదు. దూరం నుంచి చూసే లారీ టైరు, చాసిస్ బూడిద రంగులో ఉంటాయి, మధ్యలో గాలీ దుమ్మూ ఉంటాయి కాబట్టి. బొమ్మను మూరెడు దూరం నుంచి చూస్తాం. అందుకే ఆ బూడిద మనమే కలపాలి. క్యాబిన్ పచ్చలోనూ కొంచెం తెలుపు కలిపా. మెరుపు రంగు కూడా ఆఖర్న మ్యాట్ వార్నిష్ కింద చచ్చిపోవాలి, డోరు పైఅంచు మినహా. డ్రైవరు మోచేయి ఆనే చోటు అది. అక్కడ మాత్రం నున్నగా మెరుస్తుంది.

దుమ్ముకు నిజం మట్టి పనికిరాదు. ఎంత జల్లించినా 0.1 మి.మీ. రేణువు లారీ లెక్కన మిల్లీమీటరున్నర గులక. సాఫ్ట్ పేస్టల్ కడ్డీని బ్లేడుతో గీకి ఆ పొడిని బ్రష్షుతో అద్దితే చాలు. మా వైపు మట్టికి ఎరుపు, గోధుమ కలిపి రెండు రంగులు. మడ్‌గార్డు లోపల, మడ్‌ఫ్లాప్‌ల మీద, వెనక డోరు కింది సగంలో దట్టంగా. డీజిల్ ట్యాంకు మూత కింద ఒక నల్లటి జారు మరక. తుప్పు మాత్రం తక్కువే. బొమ్మలు చేసేవాళ్లకు తుప్పంటే మోజు, ఎక్కడపడితే అక్కడ రాస్తారు. రోజూ తిరిగే లారీకి తుప్పు పట్టే తీరిక ఎక్కడిది? గీతలు పడతాయి, సొట్టలు పడతాయి, యజమాని ఏడాదికోసారి రంగు వేయిస్తాడు.

నంబరు ప్లేటు 340 × 200 కాబట్టి 24.3 × 14.3, పసుపు మీద నల్ల అక్షరాలు. 2019 నుంచి ఆంధ్రలో జిల్లాల కోడ్‌లు పోయి అందరికీ ఏపీ 39తోనే మొదలైంది. నా లారీ అంతకంటే పాతది. అందుకని చిత్తూరు జిల్లా పాత కోడు ఏపీ 03 వేశా. మిగతా అంకెలు కల్పితం. రేడియం పట్టీ 50 మి.మీ., అంటే 3.6. వెనక ఎరుపు, పక్కన పసుపు, ముందు తెలుపు. నిజం రేడియం స్టిక్కరునే సన్నగా కోసి అతికించా, టార్చి వేస్తే మెరుస్తుంది.

వెనక ఏం రాయాలన్నది ఇంట్లో చర్చ. అందరూ అడిగింది "హారన్ ఓకే ప్లీజ్". మహారాష్ట్ర 2015లో ఆ రాతను లారీల మీద నిషేధించింది, అనవసరంగా హారన్ కొట్టడాన్ని ప్రోత్సహిస్తుందని. నేను కొలిచిన లారీ మీద "సౌండ్ హారన్" అని ఉంది. అదే రాశా.

ఆయుధపూజ ముందు వారం

బండిని చుట్టూ ఫోటోలు తీసుకోవడానికి హోస్కోటె రోడ్డుకే పట్టుకెళ్లా. అదే డ్రైవరన్న దొరికాడు, అదృష్టం. టీ గ్లాసు పక్కన పెట్టి చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. బోల్టుల జోలికి పోలేదు, వత్తుల జోలికి పోలేదు. నేను గర్వపడిన అంచుల సంగతి ఆయనకు పట్టనే లేదు.

"తాడు ఇట్ల కట్టరప్పా. ఈ ముడికి హోస్కోటె కూడా రాకముందే ట్రేలు కింద పడతాయి." తనే విప్పి, చిన్న దారాన్ని గోళ్లతో పట్టుకుని, ఒక మెలిక వేసి కొక్కేనికి తగిలించి లాగి చూపించాడు. దారం బిగుసుకుంది. "నీళ్ల క్యాను ఏదీ? మేం ఎండలో ఏం తాగాల?"

నీళ్ల క్యాను, పక్కన వేలాడే చీపురు, గ్రీజు డబ్బా రాసుకున్నా. ఇరవై లీటర్ల క్యాను కాదట, తాడుతో కట్టిన పాత ఆయిల్ క్యాను. అది రెజిన్‌లో తీయాలి.

ఆయన అడిగితే రిమోటు ఇచ్చా. మట్టి జాగాలో రెండు గుండ్రాలు తిప్పాడు. అసలు లారీలో తిప్పినంత నెమ్మదిగా. మలుపులో బండి పక్కకు ఒరగడం అప్పుడు గమనించా. క్యాబిన్, దీపాలు, ట్రేలు అన్నీ పైనే చేరాయి, బరువు మీదికి పోయింది. టైర్ల దుకాణంలో వీల్ బ్యాలెన్స్‌కు అతికించే సీసం బిళ్లలు దొరుకుతాయి, 5, 10 గ్రాములవి, వెనక జిగురుతో సహా. వాటిని చాసిస్ పట్టీల లోపలివైపు, ఇరుసుల మధ్య, వీలైనంత కిందికి అతికిస్తున్నా. 120 గ్రాములకు ఒరగడం చాలా తగ్గింది. ముందు ఇరుసు మీద మరీ ఎక్కువ పెడితే సర్వో మూలుగుతోంది, కాబట్టి మూడో వంతు ముందు, మిగతాది వెనక.

ఇంకా మిగిలింది: నీళ్ల క్యాను, చీపురు, ఎత్తులో పెట్టే చెక్కకు గొలుసు. డ్రైవరు బొమ్మ నిలబడితే 118 మి.మీ. వస్తుంది, కానీ కూర్చున్న భంగిమలో గీయాలి. లుంగీ గుడ్డతోనే కుడతా, ప్రింటు కాదు. ముందు బంపరుకు అరటి పిలకలు పండగ రోజు నిజంవే కట్టాలని చూస్తున్నా, గుప్పెడంత లేత మొక్క దొరికితే.